పెద్దల ముందు రాసుకున్న కాగితంతో విడాకులు అయిపోతాయా?

తెనాలి అమ్మాయి:
అందరికీ నమస్కారం. పెళ్లయి ఆరేళ్లు. బాబుకి నాలుగో ఏడు. ఏడాదిన్నర దాటింది, తెనాలిలో అమ్మావాళ్ల దగ్గరే ఉంటున్నాను. ఆయన హైదరాబాద్‌లో ఉంటారు. కొట్టడం, తిట్టడం లేవు గానీ ఇక కలిసి ఉండలేమని ఇద్దరికీ తెలిసిపోయింది.

పోయిన ఆదివారం మా పెదనాన్నగారింట్లో పెద్దలు కూర్చున్నారు. అప్పటికే వంద రూపాయల స్టాంపు పేపరు మీద టైపు చేయించి తెచ్చారు. "నేటి నుండి ఎవరి దారి వారిది, బిడ్డ తల్లి వద్దనే ఉండును, మనోవర్తి నిమిత్తం తనకు గాని బిడ్డకు గాని ఏమియూ కోరను" అని ఉంది. నాకు పెట్టిన బంగారం గురించి ఒక్క ముక్క లేదు. అదంతా అత్తగారి పేరున ఉన్న బ్యాంకు లాకర్లో ఉంది. చదువుకుని చెబుతానని కాగితం తీసుకొచ్చేశాను. "కోర్టుకెక్కితే ఏళ్లు పడుతుంది, చెల్లెలికి సంబంధాలు రావు" అంటున్నారు. నాన్న అసలు నోరు విప్పడం లేదు. సంతకం పెడితే విడాకులు అయిపోయినట్టేనా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

విజయవాడ అడ్వకేటు:
సంతకం పెట్టకండమ్మా. ఆ కాగితంతో విడాకులు కావు. హిందూ వివాహ చట్టం కింద పెళ్లి రద్దు కావాలంటే కోర్టు డిక్రీ ఉండాలి. కులాచారం ప్రకారం విడిపోయే పద్ధతిని 29వ సెక్షన్ కాదనదు గానీ, అలాంటి ఆచారం ఉందని కోర్టులో రుజువు చేసుకోవాలి. అది అంత తేలిక కాదు. ఈ కాగితాన్ని నమ్మి మీ ఇద్దరిలో ఎవరు మళ్లీ పెళ్లి చేసుకున్నా కేసులో ఇరుక్కుంటారు.

ఇద్దరికీ ఇష్టమే కాబట్టి అదే చట్టంలో పరస్పర అంగీకారంతో విడాకులిచ్చే 13-బి సెక్షన్ కింద పిటిషన్ వేయండి. ఏడాది విడిగా ఉండి ఉంటే చాలు. మొదటి పిటిషన్ తర్వాత ఆరు నెలలు ఆగి, రెండో వాయిదాలో ఇద్దరూ మళ్లీ సమ్మతి చెప్పాలని చట్టంలో ఉంది. కానీ పిటిషన్ వేసేనాటికే ఏడాదిన్నర విడిగా ఉండి, మనోవర్తి, బిడ్డ విషయాలు తేల్చుకుని, ఇక కలిసే ఆశ లేనప్పుడు కోర్టు ఆ గడువును మాఫీ చేయవచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ విషయాలు తేల్చుకుంటే మీకూ ఇది వర్తిస్తుంది. హైదరాబాద్ తిరగక్కర్లేదు, మీరు ఉంటున్న చోటి కోర్టులోనే వేయవచ్చు.

మనోవర్తి ఏమీ కోరనని రాయించడం నాకు అసలు నచ్చలేదు. బిడ్డ పోషణ బిడ్డ హక్కు, తల్లి సంతకంతో పోదు. ఫీజు గురించి బెంగ వద్దు. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని పెడుతుంది. 15100కి ఫోన్ చేయండి.

ఖమ్మం అక్క:
చెల్లీ, నేను ఇదే దారిలో వచ్చాను. చట్టం సార్ చెప్పారు, నేను బాబు సంగతి చెబుతాను. ఐదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉంటారు. ఐదు నిండగానే తండ్రికి ఇచ్చేయాలని కొందరు భయపెడతారు, నమ్మకు. కోర్టు చూసేది పిల్లాడి బాగోగులే.

"తండ్రి వీలున్నప్పుడు వచ్చి చూసుకోవచ్చు" అని మాత్రం రాయనివ్వకు. గొడవలన్నీ ఆ వీలు దగ్గరే మొదలవుతాయి. మా కాగితంలో రెండో శనివారం పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు వరకు, ఎక్కడ దించాలి, ఎవరు తీసుకెళ్లాలి, దసరా సెలవులు సగం సగం, రాత్రి ఏడుకి వీడియో కాల్ అని రాయించాం. జ్వరం వచ్చి ఒక వారం తప్పితే తర్వాతి శనివారం అని కూడా ఉంది. స్కూలు ఫీజు ఎవరు కట్టాలో, పాస్‌పోర్టుకి సంతకం ఎవరు పెట్టాలో కూడా తేల్చుకో.

మీ నాన్నగారిని నలుగురిలో అడగకు, ఒక్కరే ఉన్నప్పుడు కూర్చుని మాట్లాడు. ఆడపిల్ల తండ్రి పంచాయితీలో నోరు విప్పలేదంటే ఇష్టం లేదని కాదు. బాబు ముందు మాత్రం వాళ్ల నాన్న గురించి ఎవరినీ ఒక్క మాట అననివ్వకు, మీ అమ్మగారినైనా సరే.

తెనాలి అమ్మాయి:
ఇద్దరికీ చాలా థాంక్స్. రాత్రి నాన్నతో మాట్లాడాను, లాయరు దగ్గరికి తనే వస్తానన్నారు. ఒకటే సందేహం సార్. లాకరు తెరవం అంటే?

విజయవాడ అడ్వకేటు:
పెళ్లిలో మీకు పెట్టింది మీ స్త్రీధనం. లాకరు ఎవరి పేరున ఉన్నా సొత్తు మీదే. ముందు పెళ్లి ఆల్బమ్ తీసి, ఏ ఫొటోలో ఏ నగ ఉందో చూసి వడ్డాణం, హారం, గాజులు అంటూ తూకాలతో జాబితా రాయండి. నగల షాపు బిల్లులుంటే జత చేయండి. ఆ జాబితాను పిటిషన్లోనే పెట్టించి, రెండో వాయిదాకు ముందే నగలు చేతికందాలని రాయించండి. ఎందుకంటే డిక్రీ వచ్చేలోపు ఎవరైనా సమ్మతి వెనక్కి తీసుకోవచ్చు, మీరైనా సరే. అప్పటికీ ఇవ్వకపోతే 2005 నాటి గృహహింస చట్టం ఉంది. కొట్టకపోయినా, స్త్రీధనం దక్కకుండా చేయడాన్ని ఆ చట్టం ఆర్థిక హింస కిందే లెక్కేస్తుంది. నగలు తిరిగి ఇమ్మని మేజిస్ట్రేటు ఆర్డరు వేస్తారు. రేపు లాయరు దగ్గరికి వెళ్లేటప్పుడు పెళ్లి పత్రిక, ఇద్దరి ఆధార్, బాబు బర్త్ సర్టిఫికెట్, ఆ స్టాంపు పేపరు కూడా పట్టుకెళ్లండి.