చికాగోలో ఫ్రైడ్ చికెన్, సాసేజ్ శాండ్‌విచ్: ఎక్కడికి వెళ్లాలి, ఏమని అడగాలి?

ప్రశ్న: డాలస్ వాసి

అందరికీ నమస్కారం. వచ్చే నెలలో ఒక వారాంతం మా తమ్ముడితో కలిసి చికాగో వస్తున్నాను. ముందుగా టేబుల్ బుక్ చేసుకోవలసిన పెద్ద రెస్టారెంట్లు మాకు వద్దు. ఆ ఊరివాళ్లు పని ముగించుకొని ఇంటికి వెళుతూ పొట్లం కట్టించుకునే ఫ్రైడ్ చికెన్, వీధి మూల కొట్టులో బన్నులో పెట్టి ఇచ్చే సాసేజ్ రుచి చూడాలని మా కోరిక. నేను గొడ్డుమాంసం, పందిమాంసం తినను. తమ్ముడికి ఏ పట్టింపూ లేదు. చికెన్ విషయంలో నాకు ఇబ్బంది ఉండదనుకుంటున్నాను కాని, సాసేజ్ దుకాణాల్లో నేను తినగలిగేది ఏదైనా ఉంటుందా? కారు తీసుకోము, రైళ్లలోనే తిరుగుతాము. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: హైడ్‌పార్క్ పాఠకుడు

చికెన్‌తో ఇబ్బంది ఉండదన్న మీ అంచనా దగ్గరే ముందు ఆగాలి. చికాగో ఫ్రైడ్ చికెన్ అనగానే ఇక్కడివాళ్లు మొదట చెప్పే పేరు హెరాల్డ్స్ చికెన్ షాక్. దాని వంట పద్ధతిలో మొదటి నుంచీ ఉన్న ప్రత్యేకత ఏమిటంటే, కోడిని గొడ్డు కొవ్వు, వంటనూనె కలిపిన మిశ్రమంలో వేపడం. పైపొరకు ఆ కరకర, ఆ వాసన రావడంలో కొవ్వు పాత్ర చాలా ఉంది. ముక్క కోడిదే అయినా వేగే కొవ్వు కోడిది కాదు కనుక, మీ నియమం ఎంతవరకు అన్నది మీరే నిర్ణయించుకోవాలి. ఊరంతా ఉన్న హెరాల్డ్స్ శాఖలు వేర్వేరు యజమానుల చేతుల్లో ఉంటాయి కాబట్టి ఒక చోట చేసినట్టే మరో చోట చేస్తారని అనుకోవడానికి లేదు. ఆర్డర్ ఇచ్చే ముందు కౌంటర్ దగ్గర ఏ కొవ్వులో వేపుతున్నారని సూటిగా అడగండి. ఇక్కడ ఆ ప్రశ్నను ఎవరూ తప్పుగా తీసుకోరు. బంగాళదుంప ఫ్రైస్ సంగతీ అప్పుడే అడగాలి.

ఇక తమ్ముడి విషయం. హెరాల్డ్ పియర్స్ 1950లో దక్షిణ చికాగోలో, 47వ వీధి, గ్రీన్‌వుడ్ కూడలి దగ్గర ఈ దుకాణం తెరిచారు. పెద్ద రెస్టారెంట్ చైన్లు నల్లజాతివారు నివసించే పేటలకు రావడానికి ఇష్టపడని కాలమది. ఆ లోటులోనే హెరాల్డ్స్ పెరిగి, అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి వలస వచ్చిన కుటుంబాల రుచిని ఈ ఊరి రుచిగా నిలబెట్టింది. అందుకే నగరం నడిబొడ్డున ఉన్న శాఖకు కాకుండా దక్షిణ భాగంలోని ఒక శాఖకు వెళ్లమని నా గట్టి సలహా. ఆర్డర్ ఇచ్చాకే వేపుతారు కనుక పావుగంట, ఇరవై నిమిషాలు నిలబడవలసి వస్తుంది, ఆ నిరీక్షణను కష్టంగా భావించకండి. ‘క్వార్టర్ డార్క్’ అంటే కాలు, తొడ. ‘ఫ్రైడ్ హార్డ్’ అని చెబితే మరికాస్త ఎర్రగా, గట్టిగా వేపి ఇస్తారు. లెమన్ పెప్పర్ పొడి చల్లమని అడగవచ్చు. అడుగున ఫ్రైస్, తెల్ల బ్రెడ్డు ముక్కలు, వాటిపైన చికెన్ పెట్టి, అన్నిటి మీదా సాస్ పోసి ఇస్తారు. సాస్ విడిగా కావాలంటే ముందే చెప్పండి. ఇంటికి చేరేలోపు కరకర పోకుండా ఉండాలంటే అదే మేలు.

జవాబు: టేలర్ వీధి

సాస్ విడిగా తీసుకోమన్న సలహాతో నేను ఏకీభవించలేను. ఎర్రగా, తీపీ పులుపూ కలిసి, పేరుకు తగ్గట్టే పెద్దగా కారం లేని ఆ మైల్డ్ సాస్ పైనుంచి కారి అడుగున ఉన్న బ్రెడ్డులోకి ఇంకినప్పుడే ఆ పొట్లానికి అర్థం ఉంటుంది. విడిగా తెచ్చుకుని ముంచుకు తింటే అది ఏ ఊరి చికెనైనా కావచ్చు. ఇంటిదాకా మోయకుండా అక్కడే, వేడి మీద తినమని మీ తమ్ముడికి చెప్పండి.

సాసేజ్ గురించి మీరు అడిగింది మంచి ప్రశ్న. ఇక్కడ మూడు రకాలు ఉన్నాయి, మూడింటిలోనూ మాంసం వేరు. చికాగో హాట్‌డాగ్ పూర్తిగా గొడ్డుమాంసంతో చేసేది. గసగసాలు చల్లిన బన్నులో ఆవాల సాస్, ఉల్లి, టమాటా, ఊరబెట్టిన దోస, చిన్న పచ్చి మిరపకాయలు, సెలరీ ఉప్పు పడతాయి, కెచప్ మాత్రం పడదు. మాక్స్‌వెల్ స్ట్రీట్ పోలిష్‌లో సాధారణంగా పంది, గొడ్డు మాంసాలు రెండూ కలుస్తాయి. ఇటాలియన్ సాసేజ్ పందిమాంసంతో, సోంపు గింజలు వేసి, నిప్పుల మీద కాల్చేది.

మీ తమ్ముడు ఒక్కటే తినగలిగితే పోలిష్ తినాలి. జిమ్స్ ఒరిజినల్ 1939 నుంచి ఉన్న కొట్టు. మొదట మాక్స్‌వెల్, హాల్‌స్టెడ్ వీధుల మూలన, వలస వచ్చినవారి సంత మధ్యలో ఉండేది. మిసిసిపీ నుంచి వచ్చిన బ్లూస్ గాయకులు గిటార్లను విద్యుత్తుకు తగిలించి పాడిన వీధి అదే. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం (యూఐసీ) విస్తరణలో ఆ పాత సంత రూపు లేకుండా పోయింది, కొట్టు దగ్గరలోని యూనియన్ అవెన్యూకు మారింది. ఆ సంతను అలా తుడిచివేయడం ఈ నగరం తనకు తాను చేసుకున్న పెద్ద నష్టమని నా అభిప్రాయం. బ్లూ లైన్ రైలులో యూఐసీ-హాల్‌స్టెడ్ స్టేషన్ దగ్గర దిగి దక్షిణంగా సుమారు ముప్పావు మైలు నడవాలి. లోపల కూర్చునే చోటు ఉండదు; కిటికీ దగ్గర తీసుకుని బయట నిలబడి తినడమే. పెనం మీద మెత్తగా, గోధుమ రంగు వచ్చేదాకా మగ్గిన ఉల్లిపాయలు గుప్పెడు వేసి, ఆవాల సాస్ రాసి, మిరపకాయలు పెట్టి, ఫ్రైస్‌తో సహా కాగితంలో చుట్టి ఇస్తారు. గాలి వాలును బట్టి, కొట్టు కనిపించక ముందే ఆ ఉల్లిపాయల వాసన తగులుతుంది.

ఇటాలియన్ దుకాణాల్లో ఒక జాగ్రత్త. ‘డిప్డ్’ అంటే శాండ్‌విచ్ మొత్తాన్ని గొడ్డుమాంసం ఉడికిన రసంలో ముంచి ఇవ్వడం, ‘కాంబో’ అంటే సాసేజ్ మీద సన్నగా తరిగిన గొడ్డుమాంసం కూడా వేయడం. టేలర్ వీధిలోని ఆల్స్ 1938 నుంచి ఈ పని చేస్తోంది. తమ్ముడి చేత కాంబో మీద జార్డినియేరా తప్పకుండా వేయించండి. మిరపకాయలు, సెలరీ, క్యారెట్, కాలీఫ్లవర్ నూనెలో ఊరబెట్టిన ఆ కారం మన నోటికి వెంటనే పడుతుంది.

జవాబు: డెవాన్ దారి

ప్రశ్న అడిగినవారికి సాసేజ్ దుకాణాల్లో ఏమీ లేదని అనుకోవద్దు. ఇటాలియన్ బీఫ్ (సన్నగా తరిగిన గొడ్డుమాంసం పెట్టిన శాండ్‌విచ్) అమ్మే చాలా చోట్ల ‘పెప్పర్ అండ్ ఎగ్’ అనే శాండ్‌విచ్ ఉంటుంది. పచ్చి క్యాప్సికమ్ ముక్కలు, గుడ్లు కలిపి వేపి, పొడవాటి ఫ్రెంచ్ బ్రెడ్డులో పెట్టి ఇస్తారు. ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస కాలంలో కాథలిక్కులు శుక్రవారాలు మాంసం ముట్టరు కాబట్టి పుట్టిన వంటకమిది. కొన్ని దుకాణాలు ఆ కాలంలో మాత్రమే చేస్తాయి, కొన్ని ఏడాది పొడవునా చేస్తాయి. వెళ్లే ముందు ఫోన్ చేయండి. రసంలో ముంచవద్దని, వేరే పెనం మీద చేయమని చెప్పండి. పైన జార్డినియేరా వేయించుకుంటే మీ తమ్ముడి శాండ్‌విచ్‌ను చూసి అసూయపడవలసిన అవసరం ఉండదు.

చికెన్ కోసం మీరు ఉత్తర చికాగోలోని డెవాన్ అవెన్యూ వైపు చూడవచ్చు. అక్కడ హలాల్ దుకాణాలు చాలా ఉన్నాయి, హైదరాబాదు నుంచి వచ్చిన కుటుంబాలూ ఉన్నాయి. అయితే హలాల్ అన్నంత మాత్రాన గొడ్డు కొవ్వు వాడరని కాదు. పంది కొవ్వు భయం తీరుతుంది, రెండో ప్రశ్న మాత్రం అక్కడ కూడా అడగాలి.

ప్రశ్న అడిగిన డాలస్ వాసి

కొవ్వు సంగతి నాకు అసలు తట్టలేదు. మీ అందరికీ కృతజ్ఞతలు. శనివారం పోలిష్, ఆదివారం హెరాల్డ్స్ అనుకుంటున్నాము. ఒకే రోజు రెండూ పెట్టుకోవచ్చా?

జవాబు: హైడ్‌పార్క్ పాఠకుడు

పెట్టుకోవచ్చు కాని వద్దు. పోలిష్ మధ్యాహ్నం పూట, ఆకలి మీద తినవలసింది. దాని తరువాత చికెన్‌కు న్యాయం జరగదు. మీరు అనుకున్నట్టే రెండు రోజులకు పంచుకోండి. ఆదివారం బయలుదేరే ముందు శాఖ తెరిచే వేళ ఫోన్‌లో కనుక్కుని, ఏ కొవ్వులో వేపుతారన్నది కూడా అప్పుడే అడిగేయండి. కొన్ని చిన్న దుకాణాల్లో కార్డు తీసుకోరు కాబట్టి కొంత నగదు దగ్గర ఉంచుకోండి.