వసంతం మొదట్లో బయట భోజనం, ఆపై ఆరుబయట కచేరీ: చలికి చిక్కకుండా ఎలా ప్లాన్ చేసుకోవాలి?

ఆకాశవాకిలి అడిగారు:

మార్చి చివర్లో ఒక శనివారం సాయంత్రం ఎనిమిది మందిమి కలిసి ఆరుబయట కచేరీకి వెళ్తున్నాం. డెబ్భై దాటిన నాన్నగారు, ఆరేళ్ల పాప కూడా వస్తున్నారు. కచేరీ రాత్రి 7కి మొదలై 9:30 దాకా, మధ్యలో ఒక విరామం ఉంది. పచ్చిక మీద కూర్చోవాలి, పొట్టి కాళ్ల మడత కుర్చీలు తెచ్చుకోవచ్చట. పది నిమిషాల నడక దూరంలో బయట బల్లలు వేసే రెస్టారెంట్లు రెండు మూడు ఉన్నాయి. ఆ రోజుల్లో 6:20కి పొద్దుగూకుతుంది. పగలు 17 డిగ్రీలు, రాత్రికి 6 అని చూపిస్తోంది.

భోజనం ముందా, తర్వాతా? బయట బల్ల తీసుకుంటే నాన్నగారు తట్టుకోగలరా? కింద ఏం పరుచుకోవాలి, ఎక్కడ కూర్చుంటే బాగా వినబడుతుంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

గడపదాటి:

ముందు ఆ 17ని మర్చిపోండి. అది మధ్యాహ్నం రెండు మూడు గంటల మధ్య ఉండే వేడి. మీరు బయట గడిపేది ఎక్కువగా పొద్దుగూకాకే కాబట్టి గంటగంటకీ ఇచ్చే సూచన తెరిచి 6 నుంచి 10 దాకా మూడు అంకెలు చూడండి: మబ్బు, గాలి, డ్యూ పాయింట్ (గాలిలోని చెమ్మ మంచు బిందువులుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత). ఆకాశం నిర్మలంగా ఉంటే నేల వేడి నేరుగా పైకి పోయి చలి త్వరగా దిగుతుంది, మబ్బు ఉంటే నెమ్మదిస్తుంది. గాలి సంగతి ఇంకా ముఖ్యం. 5 డిగ్రీల దగ్గర గంటకు 20 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి 1 డిగ్రీలాగే ఉంటుంది. రాత్రి ఉష్ణోగ్రత 6, డ్యూ పాయింట్ 5 అని ఉంటే విరామం అయ్యేసరికి దుప్పట్లు, బ్యాగులు, కుర్చీ బట్ట అన్నీ చెమ్మగిల్లుతాయి. వాన పడకపోయినా తడుస్తారన్నమాట.

భోజనం ముందే, అదీ వెలుగుండగానే. 7 నుంచి వెనక్కి లెక్కేయండి. పచ్చిక మీద మంచి చోటు కావాలంటే 6:15కి లోపల ఉండాలి. నడక, గేటు దగ్గర బ్యాగుల తనిఖీ కలిపి అరగంట. అంటే 5:45కి బల్ల దగ్గర లేవాలి. ఎనిమిది మందికి భోజనం గంటన్నరకు తక్కువ పట్టదు కనుక 4:15కి కూర్చోవాలి. మరీ పెందలాడే అనిపిస్తుంది కానీ ఈ కాలంలో బయట కూర్చుని హాయిగా తినగలిగే ఆఖరి వేళ అదే.

బల్ల ఎంచుకునేటప్పుడు మ్యాప్‌లో దిక్కులు చూడండి. విషువత్తుకు, అంటే పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే రోజుకు, అటూ ఇటూ సూర్యుడు ఏ ఊళ్లోనైనా దాదాపు సరిగ్గా పడమటనే అస్తమిస్తాడు, అందుకే ఈ లెక్క తప్పదు. పడమర తెరిచి ఉండి వెనక ఇటుక గోడో రాతి గోడో ఉన్న బల్ల అయితే ఆఖరిదాకా ఎండ తగులుతుంది, పగలంతా కాగిన గోడ వీపుకు వెచ్చదనం ఇస్తుంది. తూర్పు వైపు అరుగులు 3 గంటలకే నీడలోకి పోతాయి, వాటిని వదిలేయండి. కచేరీ మైదానానికీ ఇదే పనికొస్తుంది: వేదిక మీకు పడమటి వైపు ఉంటే 6:20 దాకా ఎండ సూటిగా కళ్లలో పడుతుంది. పాపకు అంచున్న టోపీ పెట్టండి.

హీటర్ ఉంది కదా అని నాన్నగారిని దాని కిందనే కూర్చోబెట్టకండి. గొడుగు ఆకారపు గ్యాస్ హీటర్ గాలిని కాదు, ఎదురుగా ఉన్న ఒంటిని వేడి చేస్తుంది. సరిగ్గా కింద కూర్చుంటే నెత్తి కాలుతుంది, పాదాలు చల్లగానే ఉంటాయి. ఒకటిన్నర మీటర్ల దూరంలో, ఛాతీ దానివైపు తిరిగి ఉండేలా కూర్చోవడం మేలు. గాలి వీచేచోట ఎంత హీటరైనా సగం దండగే, అక్కడ గాలిని ఆపే అద్దం తెర ఉందో లేదో ఫోన్‌లోనే అడగండి.

ఇక పచ్చిక. ఈ కాలంలో గాలి వెచ్చబడినంత త్వరగా నేల వెచ్చబడదు. కింద కూర్చున్నవాళ్లు చలికి లేచిపోయేది చాలావరకు నేల వల్లే. ఎంత దళసరి దుప్పటి అయినా మన బరువుకు నలిగి అందులోని గాలి పోతుంది, వెచ్చదనం ఆ గాలిదే. అందుకే అన్నిటికన్నా కింద ప్లాస్టిక్ పట్టా, దాని మీద క్యాంపింగ్‌కు వాడే ఫోమ్ మ్యాట్, ఆ పైన దుప్పటి. మ్యాట్ నీరు పీల్చని రకమై ఉండాలి, సెంటీమీటరు మందం చాలు. పరుపులో వాడే మెత్తటి స్పాంజి చెమ్మ పీల్చుకుంటుంది, అది వద్దు. నాన్నగారికి కుర్చీ వేసినా పాదాల కింద ఒక మ్యాట్ ముక్క తప్పకుండా పెట్టండి. కుర్చీ సీటు కిందనుంచి కూడా గాలి కొడుతుంది, సీటు మీద ఇంకో ముక్క.

బట్టల్లో ఒంటికి ఆనేది నూలు కాకుండా చూడండి. నడకలో పట్టిన చెమటను నూలు వదలదు, కూర్చోగానే అదే చలి పుట్టిస్తుంది. పల్చటి ఉన్ని లేదా సింథటిక్, మీద స్వెటర్, ఆ మీద గాలి చొరని జాకెట్. మైదానానికి నడిచేటప్పుడు జాకెట్ విప్పి ఉంచండి, కూర్చున్న వెంటనే వేసుకోండి. వణుకు మొదలయ్యాక కప్పుకుంటే వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. బిగుతు బూట్లలో రెండు జతల మేజోళ్లు తొడగడం చాలామంది చేసే పొరపాటు: రక్తం సరిగా ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. ఒక్క ఉన్ని జత, కాస్త వదులు బూట్లు చాలు.

శ్రుతిపెట్టె:

వినికిడి సంగతి నేను చెబుతాను. స్పీకర్లు వాడే కచేరీ అయితే మైదానం మధ్యలో సౌండ్ మిక్సింగ్ బల్ల ఎక్కడుందో చూడండి. అక్కడ కూర్చున్న మనిషి చెవికి బాగుండేలాగే శబ్దం సర్దుతారు. దానికి కొంచెం ముందు, నడిమి గీతకు రెండు మూడు మీటర్లు పక్కగా కూర్చుంటే ఉన్నంతలో మేలైన శబ్దం మీదే. వెనక్కి వెళ్లే కొద్దీ నష్టం: ఆరుబయట గోడలు ఉండవు కాబట్టి, దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మైక్ లేని కచేరీ అయితే 25 మీటర్ల లోపే ఉండండి, అది దాటితే తీగవాద్యాల సన్నని పలుకులు పోతాయి.

గాలి వేదిక మీదుగా మీ వైపు వీస్తుంటే శబ్దం కిందికి వంగి బాగా చేరుతుంది. ఎదురు వీస్తే పైకి వంగి నెత్తి మీదుగా పోతుంది. పక్కగాలికి హెచ్చు స్వరాలు వస్తూ పోతూ ఉంటాయి, అది సౌండ్ మనిషి తప్పు కాదు. నిర్మలమైన సాయంత్రం నేల దగ్గర గాలి చల్లబడి, దాని పైగాలి వెచ్చగా ఉంటే కూడా శబ్దం కిందికే వంగుతుంది. అందుకే చీకటి పడ్డాక వెనక వరసల్లోనూ వినికిడి మెరుగవుతుంది. దూరపు రోడ్డు మోత కూడా అలాగే దగ్గరకొస్తుంది కాబట్టి రోడ్డు వైపు అంచు వద్దు. ఇంకో మాట: 34 మీటర్ల దూరంలో కూర్చుంటే చెయ్యి డప్పు మీద పడ్డాక సెకనులో పదో వంతుకు మోత వినబడుతుంది. వాయించేవాళ్ల చేతులు చూస్తూ ఆనందించే అలవాటుంటే ముందుకు జరగాల్సిందే.

చలి సాయంత్రాల్లో కళాకారులు మాటిమాటికీ శ్రుతి చూసుకుంటారు, విసుక్కోకండి. గాలి చల్లబడితే అందులో శబ్ద వేగం తగ్గుతుంది, డిగ్రీకి సెకనుకు దాదాపు 0.6 మీటర్లు. వేణువు, ట్రంపెట్ లాంటి ఊదే వాద్యాలు ఆ మేరకు శ్రుతి దిగుతాయి. లోహపు తీగలు అదే చలికి బిగుసుకుని శ్రుతి పెరుగుతాయి. రెండూ ఒకే వేదిక మీద ఎదురెదురు దిశల్లో జరుగుతాయి. చర్మవాద్యాలకు చలి కన్నా చెమ్మే శత్రువు, మంచు పడే వేళకు మూత సడలి నాదం మందగిస్తుంది. ఊదే వాద్యాన్ని పట్టుకుని ఉత్తినే శ్వాస ఊదుతూ ఉండటం మీరు చూస్తారు, అది గొట్టాన్ని వెచ్చగా ఉంచడానికే. ఇన్ని సర్దుబాట్ల మధ్య పలికే స్వరాన్ని వినడం నాకు హాలు కచేరీ కన్నా విలువైనది.

పాప చెవుల మీద నిర్లక్ష్యం వద్దు. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు పెద్దల ఉద్యోగ భద్రతకు పెట్టుకున్న హద్దు. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగితే ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గర పదిహేను నిమిషాలే. పిల్లల కొలతకు దొరికే చెవి కప్పులు ఇంటి దగ్గరే పెట్టి అలవాటు చేయండి, కచేరీలో మొదటిసారి పెడితే పీకేస్తుంది. దూది పెడితే చాలనుకోవద్దు, అది ఆపేది అతి కొద్ది. ఎలాగూ స్పీకర్ల గుట్ట ఎదుట కూర్చోకండి.

వంటింటిలెక్క:

గడపదాటి గారి 4:15 లెక్క బాగుంది కానీ, నా సలహా వేరు. ఆరుబయట అసలు భోజనం మధ్యాహ్నం 1 గంటకు పెట్టుకోండి. ఎండ, వెచ్చదనం, తీరిక మూడూ అప్పుడే ఉంటాయి. సాయంత్రం లోపలి బల్ల దగ్గర ఏదైనా తేలిగ్గా తీసుకుంటే చాలు. కచేరీ ఉన్న రోజుల్లో చుట్టుపక్కల వంటశాలలన్నిటికీ ఆర్డర్లు ఒకేసారి వచ్చి పడతాయి, మొదలవడానికి రెండు గంటల ముందు నుంచీ తాకిడే. ఎనిమిది మంది ఎనిమిది రకాలు చెబితే ఆ పూట ఆలస్యం తప్పదు.

ఒకవేళ సాయంత్రమే అనుకుంటే, బుక్ చేసేటప్పుడే "5:45కి లేవాలి, 7కి కచేరీ" అని చెప్పి, వంటకాలు మూడు నాలుగు రకాలకే పరిమితం చేసి ముందురోజే చెప్పేయండి. బిల్లు చివరి వంటకంతో పాటే తెమ్మనండి. పోయే సమయంలో ఎక్కువ భాగం అక్కడే పోతుంది.

బయట 12 డిగ్రీల్లో వెడల్పు పళ్లెంలో పల్చగా పరిచిన తిండి ఐదారు నిమిషాల్లో చల్లారుతుంది. లోతు గిన్నెలో చిక్కగా ఉండేవి, మూతతో వచ్చేవి చెప్పండి. నూనె, వెన్న ఎక్కువున్నవి చల్లారితే పేరుకుపోతాయి. ఆ వారం చుట్టుపక్కల పొలాల నుంచి ఏం వచ్చిందని అడగండి, ఈ కాలంలో కొత్త పంట ఇంకా సన్నగానే ఉంటుంది, లేత ఆకులదే రాజ్యం. మెనూలో రాయనివి అలా అడిగితేనే దొరుకుతాయి.

విరామానికి ఫ్లాస్క్ తీసుకెళ్లండి. ముందు మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలు ఉంచి పారబోసి, తర్వాత సూప్ నింపితే వేడి ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది. పాలు, మాంసం, గుడ్డు ఉన్నవి 60 డిగ్రీల పైన గానీ 5 లోపు గానీ లేకుండా రెండు గంటలకు మించి ఉంచకండి. బయట చలిగా ఉందిగా అని బ్యాగులో వదిలేస్తారు, 10, 12 డిగ్రీలు ఫ్రిజ్ కాదు. మద్యం తాగితే వెచ్చగా అనిపిస్తుంది, నిజానికి చర్మంలోకి రక్తం మళ్లి ఒంటి వేడి బయటికి పోతుంది. పెద్దాయనకు ఆ పూట వద్దు.

ఆకాశవాకిలి:

అందరికీ ధన్యవాదాలు. మధ్యాహ్నం ఆరుబయట భోజనం, సాయంత్రం లోపల తేలిక తిండి, అలాగే చేస్తాం. ఒక్కటి మిగిలింది. టికెట్ మీద "వానొచ్చినా కార్యక్రమం జరుగుతుంది" అని ఉంది. గొడుగులు పట్టుకెళ్లాలా?

చినుకుగూడు:

గొడుగు వద్దండి. వెనకవాళ్లకు అడ్డం, చాలా చోట్ల గేటు దగ్గరే ఆపేస్తారు. తల మీద కప్పుకునే టోపీ ఉండి మోకాళ్ల కిందికి వచ్చే రెయిన్ పోంచో (ఒంటిమీద వదులుగా వేసుకునే వాన కప్పు) మనిషికొకటి, కూర్చున్నప్పుడు ఒడి కూడా కప్పుతుంది. బ్యాగులకు పెద్ద చెత్త సంచులు చాలు. కూర్చోవడానికి పల్లం కాకుండా కాస్త వాలు ఉన్న చోటు చూసుకోండి. వాన నీళ్లన్నీ అడుగుకే చేరతాయి, చల్లగాలి కూడా రాత్రి పల్లంలోనే నిలుస్తుంది.

ఆ టికెట్ మాట వానకే వర్తిస్తుంది, పిడుగుకు కాదు. మెరుపు కనబడ్డాక ఉరుము 30 సెకన్లలోపు వినబడితే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. నిర్వాహకులు చెప్పేదాకా ఆగకుండా గట్టి భవనంలోకో, పైకప్పున్న కారులోకో వెళ్లిపోండి. గుడారాలు, చెట్ల కింద, లోహపు స్తంభాల పక్కన నిలబడటం ప్రమాదం. చివరి ఉరుము వినబడ్డాక 30 నిమిషాలు దాటితేనే బయటికి రావాలి. నాన్నగారి నడక వేగానికి ఆ భవనం ఎంత దూరమో వెలుగుండగానే ఒకసారి చూసి పెట్టుకోండి.

డబ్బు వాపసు నియమం కూడా టికెట్ కొన్నచోట ఇప్పుడే చదవండి. సగం కచేరీ అయ్యాక ఆగిపోతే చాలామంది నిర్వాహకులు వాపసు ఇవ్వరు, అసలు మొదలే కాకపోతే వేరే తేదీ ఇస్తారు. ఆ తేదీకి మీ ఎనిమిది మందికీ కుదరకపోతే ఎన్ని రోజుల్లోపు చెప్పాలో అందులోనే రాసి ఉంటుంది.