శీర్షికలో ‘చెల్లెమ్మ’: ఎవరికి చెల్లెలు?

ప్రశ్న (కూకట్‌పల్లి సభ్యుడు):
2009లో సబితా ఇంద్రారెడ్డి గారు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు తొలి మహిళా హోం మంత్రి అయ్యారు. నాకు మాత్రం పత్రికల్లో చదివిన ‘చేవెళ్ల చెల్లెమ్మ’ అన్న మాటే ముందుగా గుర్తొస్తుంది. చెల్లెలికి ‘అమ్మ’ చేర్చి పిలవడం మన దగ్గర గౌరవమే కదా. ఇందులో చిన్నచూపు ఉందని మొన్న ఒకరు అన్నారు. మీరేమంటారు?

జవాబు (నారాయణగూడ సభ్యురాలు):
మాట మంచిదే. రాజశేఖరరెడ్డి గారు ఆమెను అలా పిలిచారు. పిలిచిన మనిషికి ఆ వరస ఉంది. విలేకరి దాన్ని ఎత్తుకొచ్చి శీర్షికలో పెట్టినప్పుడే చిక్కు. పిలుపులో పిలిచేవాడు కనిపిస్తాడు, వార్తలో కనిపించడు. మరి ఆమె ఎవరికి చెల్లెలు? పత్రికకా, పాఠకుడికా? పైగా 2009లో ఆమె గెలిచింది మహేశ్వరం నుంచి. నియోజకవర్గం మారింది, హోం శాఖ చేతికొచ్చింది, బిరుదు మాత్రం పాతదే.

మన వరసల్లో వయసు ఉంటుంది, దాంతోపాటు అధికారమూ ఉంటుంది. ఎన్టీఆర్ ‘అన్న’ అయ్యారు. ఆయన పార్టీ కార్యకర్తలు ‘తెలుగు తమ్ముళ్లు’ అయ్యారు. నాయకుడిది పెద్ద వరస, వెంట నడిచేవారిది చిన్న వరస. ఏ మగ మంత్రినైనా ‘ఫలానా ఊరి తమ్ముడు’ అని రాసిన శీర్షిక నేనింతవరకూ చూడలేదు. ఆ చిన్న వరస మంత్రి స్థానంలో ఉన్న స్త్రీకి మాత్రం ఇట్టే అతుక్కుంటుంది. ‘ఆడపడుచు’ కూడా అంతే. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ, చీర పెట్టి పంపే మనిషి ఆమె. పెట్టే చెయ్యి అన్నయ్యది.

నేను కొన్నేళ్లు ఒక పత్రిక జిల్లా డెస్కులో పనిచేశాను. ఒక రాత్రి జిల్లా పరిషత్ సమావేశం వార్త వచ్చింది. తాగునీటి పథకం బిల్లులు ఎందుకు ఆగాయని అధ్యక్షురాలు ఇంజినీర్లను గంటసేపు నిలదీశారు. వార్త మొదటి వాక్యం: ‘ముదురాకుపచ్చ చీరలో, చిరునవ్వుతో అందరినీ పలకరిస్తూ మహిళా అధ్యక్షురాలు...’ ‘అధ్యక్షురాలు’ అన్నాక ‘మహిళా’ ఎందుకు? దాన్ని కొట్టేశాను, చీరనూ కొట్టేశాను. బిల్లుల సంగతి ఐదో పేరాలో ఉంటే పైకి తెచ్చాను. పొద్దున పేపరు చూస్తే చీర మళ్లీ మొదటి వాక్యంలో ఉంది. చదివేవాళ్లకు ఆసక్తిగా ఉంటుందని పైవారు తిరిగి పెట్టించారట. ఆ ఉదయం పడ్డ బాధ నాకింకా తగ్గలేదు. ఆ గంటసేపు ఆమె అడిగిన ప్రశ్నల్లో ఒక్కటీ అచ్చులోకి రాలేదు.

ప్రతివాదన (సికింద్రాబాద్ సభ్యుడు):
ములుగు ఎమ్మెల్యే, మంత్రి సీతక్క మాటేమిటి? అందరూ ‘సీతక్క’ అనే రాస్తున్నారు. అదీ తప్పేనా?

జవాబు (నారాయణగూడ సభ్యురాలు):
తప్పు కాదు. మీరు అడగడం మంచిదైంది. దనసరి అనసూయ గారికి ఆ పేరు అడవిలో ఉద్యమకారిణిగా ఉన్న రోజుల నుంచి వచ్చింది. దాన్ని ఆమె తన పేరుగా నిలుపుకున్నారు, పత్రిక కట్టబెట్టలేదు. అందులో ఉన్నది ‘అక్క’, పెద్ద వరస. నా అభ్యంతరం వరసలన్నిటి మీదా లేదు. సభలో ఒక పెద్దావిడ లేచి మంత్రిని ‘బిడ్డా’ అని పిలిస్తే ఆ మాటను కొటేషన్లలో ఉన్నదున్నట్టు రాయాలి. కొటేషన్ల బయట ఆమె మంత్రి.

ప్రశ్న (కూకట్‌పల్లి సభ్యుడు):
శీర్షికలో చోటు తక్కువ కాబట్టి పొట్టి మాట వాడతామని డెస్కువాళ్లు అంటారు కదా?

జవాబు (నారాయణగూడ సభ్యురాలు):
అంటారు, నేనూ విన్నాను. ‘మంత్రి’కి రెండు అక్షరాలు, ‘చెల్లెమ్మ’కు మూడు.