‘పేపర్ సన్’ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: అమెరికా వెళ్లిన చైనావాళ్ల మీద ఒక వ్యాసం అనువదిస్తున్నానండీ. ‘పేపర్ సన్’ దగ్గర, అంటే లేని చుట్టరికం రికార్డుల్లో చూపించి ఎవరి కొడుకుగానో అమెరికాలో దిగిన కుర్రాడి దగ్గర, రెండు రోజులుగా బండి కదలడం లేదు. ‘కాగితపు కొడుకు’ అంటే కాగితపు పడవలా, పిల్లలు చేసిన బొమ్మలా ఉంది. ‘దొంగ కొడుకు’ తిట్టయిపోతుంది. మా ఆయన ‘దత్తపుత్రుడు అనెయ్యరాదూ’ అంటున్నారు. మీరేమంటారు?

మొదటి జవాబు: దత్తపుత్రుడు మాత్రం వద్దమ్మా. దత్తత నలుగురి ముందు జరుగుతుంది, ఇంటిపేరు మారిందని ఊరంతటికీ తెలుస్తుంది. ఇక్కడ సంగతి బయటపడితే ఓడెక్కించి వెనక్కి పంపేస్తారు. 1882లో అమెరికా చట్టం చేసి మరీ చైనా కూలీల రాకను ఆపేసింది. మొదట పదేళ్లన్నారు, 1892లో పొడిగించారు, 1904కల్లా గడువే లేకుండా చేశారు. వర్తకులు, విద్యార్థుల్లాంటి కొద్దిమందికే దారి. ఒక్క సందు మిగిలింది: అమెరికాలో పుట్టినవాడు పౌరుడేనని 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పౌరుడి కొడుకు చైనాలో పుట్టినా రావచ్చు. 1906లో శాన్ ఫ్రాన్సిస్కో భూకంపం, వెంటనే మంటలు, జనన రికార్డులు బూడిద. ‘నేనిక్కడే పుట్టాను’ అంటే కాదనడానికి కాగితం లేదు. అలా పౌరుడైనవాడు చైనా వెళ్లొచ్చి ‘కొడుకు పుట్టాడు’ అని రాయించేవాడు. పుట్టాడో లేదో దేవుడికెరుక. ఆ కొడుకు స్థానాన్ని ఇంకెవరి కుర్రాడికో అమ్మేవాళ్లు.

మరొకరు: అయితే బినామీయే కదండీ! ‘బినామీ కొడుకు’ ఎలా ఉంది?

మొదటి జవాబు ఇచ్చినవారు: నవ్వొచ్చింది గానీ కుదరదు. బినామీలో పేరు అరువిచ్చినవాడు తన ఇంట్లో హాయిగా పడుకుంటాడు. వీడు ఆ పేరులోనే కాపురం ఉండాలి. 1910 నుంచి 1940 దాకా శాన్ ఫ్రాన్సిస్కో దగ్గరి ఏంజెల్ ఐలాండ్‌లో, వలస వచ్చేవాళ్లను ఆపి తనిఖీ చేసే చోట, అడిగిన ప్రశ్నలు చూడండి: మీ ఇంటికి మెట్లెన్ని? బావి ఎటువైపు? బియ్యం ఎక్కడ పెడతారు? వరసలో మూడో ఇల్లెవరిది? ‘తండ్రి’ని వేరుగా కూర్చోబెట్టి మళ్లీ అవే అడుగుతారు. రెండూ కలవాలి. అందుకే కుర్రాళ్లు ఆ వివరాలన్నీ రాసుకున్న పుస్తకాన్ని ఓడలో బట్టీపట్టి, రేవు వచ్చేలోపు సముద్రంలో పారేసేవాళ్లు. సొంత కొడుకైనా సరే, మెట్ల లెక్క తప్పితే దొంగ కిందే లెక్క!

ఇంకొకరు: ‘కాగితాల కొడుకు’ అని బహువచనం వాడి చూడండి. కాగితం అంటే వస్తువు, కాగితాలంటే దస్తావేజులు. పొలం కాగితాలు, బండి కాగితాలు అంటాం కదా. రెవెన్యూలో ముప్పై ఏళ్లు చేశాను. ‘కాగితాల్లో ఉందయ్యా, నేల మీద లేదు’ అనే మాట వినని రోజు లేదు.

ప్రశ్న అడిగినవారు: ఇది అతికింది మాస్టారూ! ఇంకొకటి. కొందరి సమాధుల మీద ఇంగ్లీషులో కాగితాల పేరు, చైనా లిపిలో అసలు పేరు ఉంటాయట. ‘అసలు పేరు’ చాలా?

మరొకరు: చాలదు. వాళ్లకూ మనలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. అక్కడ పోయింది ఇంటిపేరు కూడా. ‘పుట్టింటి పేరు’ అనండి. ఆ మాట ఆడవాళ్లకే ఎందుకు మిగలాలి? నా పాస్‌పోర్టులో ఒక ఇంటిపేరు, మా అమ్మ నోట్లో ఇంకొకటి. కాకపోతే నాకు భయం లేదు.

మొదటి జవాబు ఇచ్చినవారు: వాళ్ల భయం చట్టంతో పోలేదు. 1943లో చట్టం ఎత్తేసి ఏడాదికి 105 మందికి చోటిచ్చారు. 1956లో ‘కన్ఫెషన్ ప్రోగ్రాం’ పెట్టి నిజం చెప్పమన్నారు. దాదాపు 14,000 మంది ముందుకొచ్చారు. ఒకడు నోరు విప్పితే కాగితాల తండ్రి, కాగితాల అన్నదమ్ములు అందరూ బయటపడతారు. కొన్ని ఇళ్లలో దాని మీదే మాటలు తెగిపోయాయి.

ప్రశ్న అడిగినవారు: అదీ ఉంది వ్యాసంలో. ‘నేరాంగీకారం’ అని రాసి కొట్టేశాను, నేరం వాళ్లదేనన్నట్టు ఉంది. ‘ఒప్పుకోలు’ అంటే మరీ మెత్తగా ఉందా?