ఎన్‌డీవీఐ ఎక్కువున్న ఇంటివారికి పచ్చదనం అందుతున్నట్టేనా?

ప్రశ్న: ప్రజారోగ్య విద్యార్థిని
హైదరాబాదులో మూసీ ఒడ్డునున్న కాలనీల్లో రక్తపోటుకూ పరిసరాల పచ్చదనానికీ సంబంధం ఉందేమో పరిశీలిస్తున్నాను. ఒక్కో ఇంటి చుట్టూ 300 మీటర్ల వలయం గీసి, ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాల నుంచి పచ్చదనాన్ని కొలిచే ఎన్‌డీవీఐ సూచిక సగటు తీశాను. నదిని ఆనుకుని ఉన్న ఇళ్లకే అన్నిటికన్నా ఎక్కువ విలువలు వచ్చాయి. అక్కడివారేమో నిలబడడానికి చెట్టు నీడైనా లేదంటున్నారు. లెక్కలో పొరపాటు ఎక్కడుంది?

జవాబు: ఉపగ్రహ చిత్రాలతో పనిచేసేవాణ్ణి
లెక్క సరిగానే ఉండవచ్చు. ఆకు ఎర్రని కాంతిని పీల్చుకుని సమీప పరారుణ కాంతిని తిప్పి పంపుతుంది. ఆ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేదే ఎన్‌డీవీఐ కనుక, ఆ ఆకు మర్రిదా, మురుగునీటితో పెంచిన పారాగడ్డిదా, నీటిమీద పరుచుకున్న గుర్రపుడెక్కదా అన్నది అందులో తెలియదు. మూసీ వెంట పశువుల మేతకు పెంచే పారాగడ్డి మళ్లు ఉపగ్రహానికి తోటల్లాగే కనిపిస్తాయి. చిత్రం ఏ నెలదో మీరు రాయలేదు. మే నెల చిత్రానికీ అక్టోబరు చిత్రానికీ పొంతన ఉండదు. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు వాడితే ల్యాండ్‌శాట్ 30 మీటర్ల పిక్సెల్‌కు బదులు 10 మీటర్లది దొరుకుతుంది గానీ, చెట్లను గడ్డి నుంచి వేరుచేసే పని మాత్రం మీకు తప్పదు.

జవాబు: ఎపిడెమియాలజీ బోధకురాలు
అలాగని ఎన్‌డీవీఐని తీసిపారేయకండి. 2016లో వెలువడిన అమెరికా నర్సుల అధ్యయనంలో, ఇంటి చుట్టూ 250 మీటర్లలో పచ్చదనం బాగా ఎక్కువున్న అయిదోవంతు మహిళల్లో మరణాల రేటు, అతి తక్కువున్న అయిదోవంతు కంటే 12 శాతం తక్కువగా కనిపించింది. అయితే 1984లో ఉల్రిచ్ అనే పరిశోధకుడు ఆసుపత్రి కిటికీ నుంచి చెట్లు కనిపించే రోగులను ఇటుక గోడ కనిపించేవారితో పోల్చినప్పుడు, రోగి మంచం మీదే ఉన్నాడు కాబట్టి ఎవరికి ఏది అందిందో స్పష్టంగా తెలుసు. మన మనుషులు ఇంట్లో కూర్చోరు కదా! నడక వల్ల రక్తపోటు తగ్గుతుందని మీ ఊహ అయితే, పార్కు ప్రహరీ దాకా కాక గేటు దాకా నడిచే దారిని కొలవండి. వేడి తగ్గడం వల్ల అనుకుంటే చెట్ల నీడను కొలవండి. ఇంటివారి ఆదాయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవడం మరవద్దు.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ ధన్యవాదాలు. చిత్రం నవంబరుది, ఆ పచ్చని పిక్సెళ్లు పారాగడ్డివే. వెళ్లి చూసి వచ్చాను. “నిన్న చెట్టు కింద ఎంతసేపు గడిపారు?” అన్న ప్రశ్నను ప్రశ్నావళిలో చేర్చాను. మొదట జవాబిచ్చిన ఆవిడ, బస్టాపు దగ్గరి వేపచెట్టు కింద 20 నిమిషాలు అన్నారు. ఆ బస్టాపు నా వలయానికి బయట ఉంది.