‘నీకు రోజులు’ కాదు, ‘నువ్వే రోజులు’

తొలికాలపు ముస్లిం బోధకుడు హసన్ బస్రీ అన్నాడని చెప్పే ఒక అరబ్బీ వాక్యాన్ని తెలుగు చేయబోయి రెండు రోజులుగా అక్కడే ఆగిపోయాను. మూలం ఇది: ‘యా ఇబ్న ఆదమ్, ఇన్నమా అంత అయ్యామ్. కుల్లమా జహబ యౌమ్, జహబ బఅదుక్.’

నేను మొదట రాసింది: ‘ఓ ఆదం కొడుకా, నీ జీవితం కొన్ని రోజులే. ఒక్కో రోజు గడిచేకొద్దీ నీ ఆయుష్షు కొంత తరుగుతుంది.’

చదవడానికి నున్నగా ఉంది, కానీ తప్పు. మూలంలో జీవితం లేదు, ఆయుష్షూ లేదు. ‘అంత’ అంటే నువ్వు, ‘అయ్యామ్’ అంటే రోజులు. మధ్యలో క్రియ కూడా లేదు. మనం ‘రోజులు దగ్గరపడ్డాయి’, ‘నూకలు చెల్లాయి’ అంటాం. అక్కడ మనిషి వేరు, అతని రోజులు వేరు. జేబులో చిల్లరలా ఖర్చయిపోతుంటాయి. హసన్ అసలు ఆ జేబే లేదంటున్నాడు.

ఈయన 642లో మదీనాలో పుట్టి 728లో బస్రాలో పోయాడు. వయసులో ఉండగా తూర్పు ఇరాన్ వైపు దండయాత్రలకు వెళ్లాడు. తర్వాత బస్రాలో బోధకుడు, కొన్నాళ్లు ఖాజీ. అడవులు పట్టలేదు, ఊరు వదల్లేదు. అందుకే ఆయన ‘జుహ్ద్’ను, అంటే లోకాన్ని పెద్దగా పట్టించుకోకపోవడాన్ని, ‘సన్యాసం’ అని రాస్తే నాకు మింగుడుపడదు. ఖుర్‌ఆన్‌లో ఈ ధాతువు ఒక్కసారే వస్తుంది, యూసుఫ్ అధ్యాయం 20వ వాక్యంలో. బావిలో దొరికిన పిల్లాణ్ణి, అంటే యూసుఫ్‌ను, కొద్ది దిర్హాములకే అమ్మేసినవాళ్లు అతని విషయంలో ‘జాహిదీన్’ అట, అంటే పెద్దగా పట్టనివాళ్లు. ఎంత చవక బేరం! ఆ పట్టనితనాన్నే హసన్‌లాంటివాళ్లు లోకం మీదికి తిప్పారు. ‘వైరాగ్యం’ కొంత దగ్గర, కానీ దానికి మన కాషాయం రంగు అంటుకుని ఉంది.

ఒక సభ్యురాలి జవాబు:
‘జహబ’ రెండుచోట్లా ఒకటే కదండీ, మీరు ‘గడిచేకొద్దీ’, ‘తరుగుతుంది’ అని విడగొట్టారెందుకు? ‘పోయింది’ అనండి. మనకు రోజూ పోతుంది, మనిషీ పోతాడు.

నా జవాబు:
అయ్యో, చేతిలోనే ఉంది, చూసుకోలేదు! అరబ్బీలో అది మామూలుగా ‘వెళ్లింది’ అనే మాట. మన ‘పోయాడు’లో చావు కూడా కలిసి వస్తుంది. ఇక్కడ తెలుగుకే పై చేయి అనిపిస్తోంది. ‘నీలో కొంత’ అని కూడా రాయను, మళ్లీ గిన్నె వేరు, అందులో సరుకు వేరు అయిపోతుంది. క్రియ లేకుండా వాక్యం నిలబెట్టడం మనకూ వచ్చు. ‘ఇన్నమా’ అంటే ‘కేవలం’, ఆ పనికి మన ఒక్క ఏకారం చాలు:

‘ఆదం కొడుకా, నువ్వంటే రోజులే. ఒక రోజు పోయిందా, నువ్వు కొంత పోయావు.’

ఒకటే చిక్కు. ఇంట్లో చదివి వినిపిస్తే ‘కొడుకా’ తిట్టులా ఉందన్నారు. ‘ఆదం బిడ్డా’ అంటే ఎలా ఉంటుంది?