33 ఏళ్లకు ఉద్యోగం మాని పైలట్ ట్రైనింగ్‌కి వెళ్లవచ్చా?

నల్లకుంట వాసు:
నాకు 33. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పదకొండేళ్ల సర్వీసు. భార్య బ్యాంకులో చేస్తుంది, పాపకు నాలుగేళ్లు. చిన్నప్పుడు బేగంపేటలో ఉండేవాళ్లం. విమానం దిగుతుంటే మా వంటింట్లో గిన్నెలు గలగలమనేవి. 2008 మార్చిలో విమానాలు శంషాబాద్‌కి తరలిపోయాయి గానీ నా కోరిక ఎక్కడికీ పోలేదు. సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు), టైప్ రేటింగ్ (ఎయిర్‌లైన్ వాడే ఒక రకం విమానం మీద ఇచ్చే శిక్షణ) కలిపి 80 లక్షల దాకా అవుతుందని లెక్క వేసుకున్నాను. 35 చేతిలో ఉన్నాయి, మిగతాది ప్లాటు అమ్మి తేవాలి. నాన్న ససేమిరా అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

తెనాలి రమణ:
వాసు గారూ, మీ నాన్నగారి మాట వినండి. 2012లో కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ ఆగిపోయింది, 2019లో జెట్, 2023లో గో ఫస్ట్. అలా జరిగిన ప్రతిసారీ వేల గంటల అనుభవమున్న పైలట్లు రోడ్డున పడ్డారు. 200 గంటల లైసెన్సుతో కొత్తగా వచ్చినవాడు వాళ్ల వెనకే నిలబడాలి కదా. పాతికేళ్లవాడు మూడేళ్లు ఆగగలడు. పిల్లలున్నవాడు ఎలా ఆగుతాడు?

సుజాత:
నేను 31లో మొదలుపెట్టాను, ఇప్పుడు ఫస్ట్ ఆఫీసర్‌ని, అంటే కో-పైలట్‌ని. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు వయసు సంగతి. సీపీఎల్‌కి 18 నిండాలి, పై పరిమితి లేదు. ఎయిర్‌లైన్‌లో 65 దాకా నడపొచ్చు. 36లో సీటు దొరికినా 29 ఏళ్ల సర్వీసు ఉంటుంది. వయసొక్కటే కారణమైతే మానుకోనక్కర్లేదు.

ఇంటర్‌లో నాది బైపీసీ. లెక్కలు కావాలన్నారు కాబట్టి ఓపెన్ స్కూల్లో పరీక్ష రాశాను. చుట్టూ ఉన్నవాళ్లంతా నన్ను ఇన్విజిలేటర్ అనుకున్నారు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే పేపర్లకి 70 మార్కులు రావాలి, అవి కష్టపడితే వస్తాయి. ఫ్లయింగ్ అలా కాదు, అది మన చేతిలో ఉండదు. పొద్దున్నే అయిదింటికి సెస్నా రెక్క మీది మంచు తుడిచి, రెక్క కింది నుంచి చిన్న కప్పులోకి ఇంధనం వంపి వెలుతురుకి పెట్టి చూసేవాళ్లం. నీలంగా ఉండాలి, అడుగున నీటి బొట్టు కనిపించకూడదు. అన్నీ సరిచూసుకుని కూర్చున్నాక విజిబిలిటీ లేదంటే ఆ రోజు అంతే. వానాకాలంలో నెలకి ఆరు గంటలు ఎగిరితే గొప్ప. నేను చేరినచోట నాలుగు విమానాలని చెప్పారు, నడిచింది ఒక్కటే. ఫీజు మొత్తం ముందే కట్టేశాను కాబట్టి గట్టిగా అడిగే దారి కూడా లేకపోయింది. మీరు మాత్రం విడతల్లో, ఎగిరిన గంటలకే కట్టండి.

ఎవరూ లెక్కలో వేసుకోనిది ఒకటుంది. లైసెన్సు వచ్చాక నాకు 14 నెలలు ఉద్యోగం లేదు. మధ్యలో ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనిపించకపోయినా మీటర్లు చూసి నడిపే అర్హత) గడువు తీరింది, చెక్ మళ్లీ ఇవ్వాల్సి వచ్చింది, దానికి వేరే డబ్బు. ఆ 14 నెలలూ మా ఆయన జీతంతోనే ఇల్లు నడిచింది. మీ 80 లక్షల్లో ఆ ఖాళీకి ఎంత పెట్టారు? ఏమీ పెట్టకపోతే ఇప్పుడే వద్దు.

డాలస్ కిరణ్:
వాసు అన్నా, అమెరికాలో నేర్చుకుందామని ఎవరైనా అంటే ఒకటి గుర్తుపెట్టుకో. ఇక్కడ ఎయిర్‌లైన్ సీటుకి మామూలుగా 1500 గంటలు కావాలి. చాలామంది ఇన్‌స్ట్రక్టర్లుగా చేసి ఆ గంటలు కూడబెడతారు. వీసా మీద ఉన్నవాళ్లకి ఆ దారి చాలా ఇరుకు. ఇండియాకి వెళ్లి లైసెన్సు మార్చుకోవాలనుకుంటేనే రా.

తెనాలి రమణ:
సుజాతమ్మా, మీరు నిలబడ్డారు, చాలా సంతోషం. మా పెద్దనాన్న కొడుకు నిలబడలేకపోయాడు. ఎకరంన్నర మాగాణి అమ్మి, 2013లో లైసెన్సు తెచ్చుకున్నాడు. మూడేళ్లు పరీక్షలూ ఇంటర్వ్యూలూ అంటూ తిరిగాడు. ఇప్పుడు గుంటూరులో షాపు చూసుకుంటున్నాడు. లైసెన్సు ఇప్పటికీ బీరువాలో పట్టుబట్టల మధ్య ఉంటుంది, పెద్దమ్మ దాన్ని తీయనివ్వదు. ఆ పొలం గట్టు మీదుగా వెళ్లినప్పుడల్లా మా పెద్దనాన్న తల తిప్పుకుంటాడు. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. పైగా సీనియారిటీ చేరిన రోజు నుంచే. మెడికల్‌లో ఒక్క రిపోర్టు తేడా వస్తే అన్నీ ఆగిపోతాయి.

సుజాత:
రమణ గారూ, ప్లాటు విషయంలో నేను మీ పక్షమే. ఉన్న ఆస్తంతా ఇందులో పెట్టకూడదు. 2023లో ఎయిరిండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డరిచ్చాయి, నిజమే. అవి ఏళ్ల తరబడి విడతలుగా వస్తాయి. ఆ అంకెలు చూసి అప్పు చేయడం తప్పు. సీనియారిటీ మాత్రం నన్ను బాధపెట్టలేదు. నిన్న నా పక్కన కూర్చున్న కెప్టెన్‌కి 29 ఏళ్లు. చాలా బాగా నేర్పిస్తాడు.

వాసు గారూ, రాజీనామా ఇవ్వకుండానే మెడికల్, పేపర్లు పూర్తి చేయొచ్చు. మెడికల్‌లో ముందు క్లాస్ టూ, ఆ తర్వాత సీపీఎల్‌కి కావాల్సిన క్లాస్ వన్ కూడా చేతికి వచ్చేదాకా ఏ స్కూలుకీ రూపాయి కట్టకండి.

నల్లకుంట వాసు:
అందరికీ ధన్యవాదాలు. ప్లాటు అమ్మడం లేదు. రెండేళ్లు ఉద్యోగం చేస్తూనే పేపర్లు రాస్తాను. ఆ రెండేళ్ల పొదుపును సుజాత గారు చెప్పిన ఖాళీ నెలలకు విడిగా ఉంచుతాను. మిగతా ఫీజు సమకూరకపోతే ఇంకో ఏడాది ఆగుతాను. గురువారం ఇంటర్ మెమో వెరిఫికేషన్‌కి నాంపల్లి బోర్డు ఆఫీసుకి వెళ్తున్నాను, శనివారం క్లాస్ టూ మెడికల్.

రాత్రి మెటియరాలజీ పుస్తకం తెరిచాను. నాన్న వచ్చి పక్కన కూర్చుని, మేఘాల బొమ్మలున్న పేజీలు ఒక్కొక్కటే తిప్పి చూశారు. ఏమీ అనలేదు.